బూట్లు విప్పని సర్వే

పరానా నది మా ఊరి దగ్గర రాళ్ళ మీద పడి నురగలు కక్కుతుంది. ఆ ఒరవడిలో తప్ప బతకని నత్తలున్నాయి, వేలి కణుపంత, నల్లగా. మగ తోడు లేకుండానే పిల్లల్ని కంటాయి. "మనింటి ఆడాళ్ళ బాపతే" అంటుంది మా పిన్ని ఎవుస్తాకియా. రాతి మీది పాచంతా అవి తినేస్తాయి. అందుకే వల వేసేటప్పుడు వట్టి కాళ్ళతో తడిమి, నత్తలు తగిలిన చోటే అడుగేస్తాం. అక్కడ జారదు.

సోమవారం దిగువన కట్టిన కొత్త ఆనకట్ట గేట్లు మూస్తారన్నారు. మూస్తే మా దగ్గర నీళ్ళు చెరువులా నిలిచిపోతాయి. నత్తలున్నాయని సర్వేలో తేలితే మాత్రం, మ్యూజియం వాళ్ళు వాటిని తొట్లలోకి చేర్చేదాకా ఆగుతారట. శుక్రవారం పొద్దున సర్వేకి లిసాండ్రో అనే అధికారి వచ్చాడు.

మేం చేసిన తప్పు ఒక్కటే. నదిని చూడ్డానికి వచ్చినవాడు బూట్లు విప్పుతాడనుకున్నాం, విప్పమని చెప్పాలని తోచనే లేదు. అతను ఒడ్డున కూర్చుని మేమిచ్చిన తెరెరే, ఆకు నానేసిన చల్లటి నీళ్ళు, మూడు కొమ్ము గ్లాసుల నిండా తాగాడు. పక్కన నిలవనీటి మడుగులో బుట్టవల నాలుగుసార్లు ముంచి, "ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టాడు.

పిన్నికి ఒళ్ళు మండింది.

"కూరలో ముక్కలున్నాయో లేదో మూత తడిమి చెప్తావా నాయనా? బూట్లిప్పి రాళ్ళలోకి దిగు."

"నాకు ఈత రాదమ్మా."

"మరి నదిని చూసే ఉద్యోగం ఎవడిచ్చాడయ్యా నీకు?"

నడుముకి తాడు కట్టుకుని తనే దిగింది, అరవై తొమ్మిదేళ్ళ మనిషి. తాడు నేను పట్టుకున్నాను. టోపీ నిండా నత్తలు తెచ్చి అతని ముందు పెట్టింది.

"సంతకం అయిపోయిందమ్మా."

"కొట్టేసి మళ్ళీ రాయి."

"కొట్టివేతలుంటే ఆఫీసులో తీసుకోరు," అంటూ జీపెక్కాడు.

ఒక్క గీత! ఆ ఒక్క గీత గియ్యడానికి కూడా వాడికి చెయ్యి రాలేదు.

నత్తల్ని బకెట్లో వేసుకుని మేం మ్యూజియానికి బస్సెక్కాం. కదలని నీళ్ళలో వాటికి ఊపిరాడదు. మూడు గంటలసేపు చెంబుతో ముంచి పోస్తూనే ఉన్నాం. పదకొండే బతికాయి. అక్కడి అమ్మాయి వాటిని చూసి ఏడ్చేసింది.

"తాళ్ళు, తొట్లు, మనుషులు, అన్నీ సిద్ధంగా ఉంచాను. ఏమీ లేవని ఇందాకే కబురొచ్చింది. నత్తల్ని తీసే అనుమతి రద్దు చేసేశారు. ఆఫీసు మళ్ళీ తెరిచేది సోమవారమే."

సోమవారం గేట్లు మూశారు. మధ్యాహ్నానికి నది చప్పుడు ఆగిపోయింది. పిన్ని ఒడ్డున నిలబడి అడిగింది.

"అన్నీ చావడానికి ఎన్ని రోజులు పడుతుందే?"

బస్సులో మూడు గంటల్లో ఎన్ని పోయాయో తనూ చూసింది.