పసుపు దారంతో కట్టేసిన కడ్డీ

నేను ఒక కడ్డీని. అల్యూమినియం గొట్టాల ముక్కలుగా మడిచి ఉంటాను. నా కడుపులోంచి ఒక తాడు పోతుంది. నన్ను ముందుకు విసిరి ఆ తాడు లాగి బిగిస్తే, ముక్కలన్నీ ఒకదానిలో ఒకటి కూర్చుని మనిషిని మించిన పొడవవుతాను. కొండ మీద మంచు విరుచుకుపడి ఎవరినైనా కప్పేస్తే, పైనుంచి నన్ను గుచ్చి ఎక్కడున్నారో వెతుకుతారు. నా పేరు ప్రోబ్. దండెం కాదు, జెండా కర్ర కాదు. ఆ రెండు పనులకూ నన్ను వాడినవాళ్ళున్నారు కనుక ముందే చెబుతున్నాను.

కార్ఖానాలో ఒకావిడ నన్ను బిగించి, వంకర లేదని చూసి పెట్టెలో పెట్టింది. ఆ చేతిని మళ్ళీ చూడలేదు. ఎవరి చేతిలోంచి పోయినా, వాళ్ళు మళ్ళీ కనబడతారో లేదోనని నాకు అప్పటినుంచీ బెంగే.

చివరికి విజయవాడలో ఒక ట్రెక్కింగ్ క్లబ్బుకు చేరాను. దసరాకు వాళ్ళు ఆయుధపూజ చేశారు. తాళ్ళకూ పారలకూ నాకూ బొట్లు పెట్టి, నా మడత మీద పసుపు దారం చుట్టలు చుట్టలుగా చుట్టి గట్టిగా ముడేశారు. భక్తి మీద నాకు కోపం లేదు. దర్జీ మిషనుకు దణ్ణం పెట్టి మర్నాడు తొక్కుతాడు. లారీ డ్రైవరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి తోలతాడు. వీళ్ళు మాత్రం నాకు హారతిచ్చి బీరువాలో పడేశారు!

చలికాలంలో హిమాచల్‌లోని ఒక శిక్షణ శిబిరానికి తీసుకుపోయారు. అక్కడ నేర్పే మనిషి డోల్మా. అందరూ ఒంటికి కట్టుకునే బీకన్ అనే చిన్న యంత్రం కూత, పూడిపోయిన మనిషి ఏ చుట్టుపక్కల ఉన్నాడో చెబుతుందనీ, సరిగ్గా ఎక్కడో తేల్చేది ప్రోబేననీ ఆమె చెప్పింది. ఎవరి ప్రోబ్ వాళ్ళు తెరవమంది.

నేను ఇందుమతి వంతుకు వచ్చాను. తమ్ముడు మురారితో కలిసి వచ్చిందామె. "ఈ దారం తెంపేస్తానండీ," అని క్లబ్బు అధ్యక్షుడు వీరభద్రరావును అడిగింది.

"ఏంటమ్మా, పంతులుగారు కట్టిన దారం తెంపుతావా? శుభమా అని కొండెక్కబోతుంటే!"

"ఊరుకో అక్కా, మంచుక్కూడా సారంటే భయమేలే," అన్నాడు మురారి. అందరూ నవ్వారు. శిబిరం వాళ్ళ కడ్డీలతో నేర్చుకుని, నన్ను కట్టిన కట్టుతోనే సంచిలో పెట్టేశారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రాత్రంతా మంచు కురిసింది. ఎదుటి వాలు మీద కాలు పెట్టొద్దని డోల్మా చెప్పి, వంటశాల వైపు వెళ్ళింది. అధ్యక్షుల వారికి ఫొటో కావాలి. బ్యానరు పట్టించి అందరినీ ఆ వాలు మీదే వరసగా నిలబెట్టాడు. "నవ్వండి!" అన్నాడు. పైన గీత గీసినట్టు మంచు చీలింది. బ్యానరు చివర నిలబడ్డ మురారిని ఎత్తుకుపోయి, కింద కుప్పగా ఆగింది.

ఇందుమతి నేర్చుకున్నది మరవలేదు. బీకన్ పట్టుకుని వెతికి, కూత ఎక్కువైన చోట మోకరిల్లి నన్ను బయటికి తీసింది. దారం తడిసి గడ్డకట్టి రాయైంది. "కత్తుందా? ఎవరి దగ్గరైనా కత్తుందా?" అని అరిచింది. శిబిరంలో ఉల్లిపాయల పక్కన ఉంది కత్తి, మిగతా కడ్డీలూ అక్కడే! కింద మనిషికి ఊపిరి అయిపోతోంది. నేను ఒళ్ళంతా దారంతో, ఏమీ చేయలేక ఆమె ఒళ్ళో పడి ఉన్నాను. "మురారీ! ఒరేయ్ మురారీ!" అని పిలుస్తూనే పళ్ళతో కొరికింది. పెదవులకు పసుపూ రక్తమూ అంటుకున్నాయి. తెగింది. విసిరింది. నిలబడ్డాను.

రాయి తగిలితే నేను టక్కుమంటాను. మనిషి తగిలితే మెత్తగా దిగుతాను, అతని ఒళ్ళు నన్ను వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుడు ఇందుమతి చేతికి అందింది. "ఇక్కడే! తవ్వండి!" అంది. నన్ను లాగేయకుండా గుర్తుగా అక్కడే నిలిపింది. మొహం బయటపడింది, నీలంగా. కాసేపటికి దగ్గాడు.

ఇంటికొచ్చాక క్లబ్బులో సన్మానం. శాలువాలు, దండలు. బల్ల మీద ఎర్రగుడ్డ, దాని మీద నేను. వీరభద్రరావు మైకు పట్టుకుని, "ఆ రోజు మురారిని కాపాడింది మనం కట్టిన రక్షే!" అన్నాడు. చప్పట్లు! లోహానికైనా సిగ్గుంటుంది.

మురారి లేచి మైకు అందుకున్నాడు.

"మంచు కింద నాకన్నీ వినబడ్డాయి సార్. పైవాళ్ళ మాట కిందికి దిగుతుంది, కిందవాళ్ళది పైకి రాదు. మా అక్క పిలిచిన ప్రతిసారీ పలికాను. 'ఇక్కడున్నానక్కా' అన్నాను. ఊపిరున్నంతసేపూ అన్నాను."

ఇందుమతి తల దించుకుని ఏడ్చింది.

ఆ పలుకు నాక్కూడా వినబడలేదు. మంచు కిందివాళ్ళ మాట నాకూ అందదు. నేను తాకగలను, అంతే.