హైమ పొత్తికడుపు మీద నా చోటు

నేను ఒక రబ్బరు సంచిని. నాలో వేడినీళ్ళు పోసి, మూతి బిగించి, నొప్పి ఉన్నచోట పెట్టుకుంటారు. ఇటుకరంగు ఒళ్ళు, ఒంటినిండా గీతలు, కురచ మెడ. అందగత్తెను కాను. కుళ్ళుబోతుదాన్ని మాత్రం అవును. మీకు చెప్పబోయే ఈ సంగతుల్లో హైమకు మేలు చేసినవాళ్ళు చాలామంది వస్తారు. వాళ్ళందరి మీదా నాకు కడుపుమంటే. కడుపునిండా మరిగిన నీళ్ళున్నదానికి కడుపుమంట ఒక వింతా అని మీరనవచ్చు.

ఎక్కడో కొండవాలులో చెట్ల బెరడు గీస్తే కారిన పాలతో నన్ను చేశారు. ఆ పాలను గడ్డకట్టించి, గంధకం కలిపి, ఇనప అచ్చులో ఉడికించారు. అచ్చులోంచి ఊడదీసిన పనివాడు నా పక్కదాన్ని వేలితో నిమిరి, "ఇది నున్నగా వచ్చింది" అన్నాడు. నన్ను ఏమీ అనకుండా బుట్టలో వేశాడు. నా మొదటి కుళ్ళు అప్పటిది. తణుకులో ఒక మందుల షాపు అద్దాల బీరువాలో కొంతకాలం ఉన్నాను. పసిపిల్లల పౌడరు డబ్బాలను ముందు వరసలో పెట్టి, నన్ను వాటి వెనక కుక్కారు. వాటిని చూసి కుళ్ళుకుంటూ ఉండగా వర్ధనమ్మగారు వచ్చి నన్ను కొనుక్కున్నారు.

ఆవిడ బళ్ళో టీచరుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళ నొప్పులు. రోజూ ముందు ఏదో ఆకుపచ్చ తైలం రాసుకుని, తరవాత నన్ను పెట్టుకునేవారు. నొప్పి తగ్గితే "ఈ తైలం మహత్తే వేరు" అనేవారు. తగ్గకపోతే "నీళ్ళు సరిగా కాగలేదు" అనేవారు. మనుషుల న్యాయం నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

ఆవిడ మేడ మీద వాటాలో హైమావతి, గంగాధర్ అనే దంపతులు అద్దెకుండేవారు. ఆమె ఆర్టీసీ బస్సు కండక్టరు, అతను రైసుమిల్లులో ఫిట్టరు. ఒక మిట్టమధ్యాహ్నం హైమ డ్యూటీ మధ్యలోంచి ఇంటికొచ్చి, మెట్లెక్కలేక కింద మెట్టు మీదే కూలబడింది. చీర మీద ఖాకీ కోటు, చేతిలో టిక్కెట్ల మిషను అలాగే ఉన్నాయి. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"ఏంటే హైమా, మొహం అలా ఉంది?" అన్నారు వర్ధనమ్మగారు.

"ఏం లేదు పిన్నిగారూ, నెలసరి. ఈసారి కొంచెం ఎక్కువగా ఉంది."

"ప్రతిసారీ ఈసారే అంటావు" అని ఆవిడ ఆమెను లోపలికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టి, నాలో నీళ్ళు నింపి, తువ్వాలు చుట్టి, పొత్తికడుపు మీద పెట్టారు.

ముసలి మోకాలి ఎముకల మీద తప్ప ఎక్కడా కుదురుగా కూర్చోని నాకు అది రాజ్యం వచ్చినట్టయింది. మెత్తగా, ఊపిరికి పైకీ కిందికీ ఊగే చోటు. హైమ రెండు చేతులూ నా మీద వేసి కళ్ళు మూసుకుని, "హమ్మయ్య" అంది. తైలం పేరు ఎత్తలేదు. ఆ పూటే నేను ఆమెదాన్ని అయిపోయాను. "ఉంచుకోవే, నాకు తైలం చాల్లే" అని వర్ధనమ్మగారు నన్ను ఆమెకే ఇచ్చేశారు.

మేడ మీద కాపురానికి వెళ్ళిన కొద్దికాలానికే తెలిసింది, ఆ చోటు నా ఒక్కదానిదే కాదని. పైన మెత్తన కింద ఏదో గట్టిగా ఉంది. పచ్చి వెలక్కాయంత. నేను ఎంత ఒదిగి కూర్చున్నా అది నన్ను కిందనుంచి నెట్టేది. నేను పైన తువ్వాలు చుట్టుకుని చుట్టంలా కూర్చుంటే, అది లోపల ఆమె నెత్తురు తాగుతూ ఇంటిమనిషిలా పెరుగుతోంది. ఆమెకు ఇంకా తెలియదు. నాకు తెలుసు. చెప్పడానికి నోరున్నా, ఆ నోటికి ఎప్పుడూ బిరడా బిగించే ఉండేది.

నెలలు గడిచేకొద్దీ నెత్తురు గడ్డలు గడ్డలుగా పోయేది. డ్యూటీలో ఉండగా చీర పాడవుతుందని ముదురురంగు చీరలే కట్టేది. నీళ్ళు తాగితే మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుందని, ఎర్రటి ఎండలో కూడా గొంతు తడుపుకుని ఊరుకునేది. మెట్లెక్కితే ఆయాసం. పొట్ట మాత్రం ముందుకు వచ్చింది. ఇంటికి రాగానే నన్ను వెతుక్కునేది. మొగుడికి కాఫీ ఇవ్వకముందే నాకు నీళ్ళు కాచేది. అప్పుడు గంగాధర్ నన్ను చూసే చూపు ఉంది చూశారూ, అందులో కుళ్ళుంది. దాన్ని నేను బాగా గుర్తుపడతాను.

ఆ రోజుల్లోనే పాలకొల్లులో ఉండే హైమ తోడికోడలు శిరీషకు నెల తప్పింది. శిరీషకు పెళ్ళయి ఏడాది తిరగలేదు. హైమకు పెళ్ళయి పద్నాలుగేళ్ళు. మధ్యలో ఒకసారి నిలిచి, మూడో నెలలోనే పోయింది. సీమంతానికి రమ్మని అత్తగారు ఫోను చేస్తే, "డ్యూటీ ఉందండి అత్తయ్యగారూ" అంది హైమ. డ్యూటీ లేదు. ఆ పూటంతా నన్ను పొట్ట మీద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం వర్ధనమ్మగారు అరటికాయ బజ్జీలు పట్టుకుని పైకి వచ్చారు.

"పిన్నిగారూ, మొన్న బస్సులో ఒకావిడ లేచి నాకు సీటిచ్చింది" అంది హైమ, బజ్జీ ముట్టుకోకుండా. "ఎన్నో నెలమ్మా అంది."

"ఏమన్నావు?"

"అయిదో నెలండీ అన్నాను."

వర్ధనమ్మగారు బజ్జీల పళ్ళెం కింద పెట్టారు.

"దిగేదాకా ఆవిడ నా వంకే చూసి నవ్వుతా ఉంది. కొడుకే పుడతాడంది. నాకు బాగుంది పిన్నిగారూ. అబద్ధమని తెలుసు, అయినా బాగుంది. అది శిరీషకి రోజూ ఉంటుంది కదా. ఒక్కపూట నాకుంటే ఏం పోయింది?"

ఆవిడ ఆమె తల నిమురుతూ కూర్చున్నారు. నేను చల్లారిపోయాను. నీళ్ళు మార్చాలని ఇద్దరికీ తోచలేదు.

తరవాతి నెల హైమ బస్సులోనే కళ్ళు తిరిగి పడిపోయింది. డ్రైవరు బస్సును నేరుగా ఊళ్ళోని ఒక నర్సింగుహోముకు తిప్పాడు. కబురు తెలిసి గంగాధర్ మిల్లు నుంచి ఇంటికొచ్చి, ఆమె బట్టలతోపాటు నన్నూ సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. అక్కడ స్కానింగు మిషన్ను మొదటిసారి చూశాను. ఏదో చల్లటి జిగురు రాసి, చేతికి సరిపడే ముక్కొకటి ఆమె పొట్ట మీద అటూ ఇటూ తిప్పారు. నా చోటులోనే. నేను నెలల తరబడి కూర్చుని తెలుసుకున్నదాన్ని అది టీ చల్లారేలోపు తెరమీద బొమ్మవేసి చూపించింది. అందరూ దాని వంకే చూశారు.

"గర్భసంచిలో గడ్డలున్నాయమ్మా. ఒకటి బాగా పెద్దది" అన్నాడు అక్కడి డాక్టరు. "ముప్పై ఏడేళ్ళు వచ్చాయి కదా. సంచి తీసేస్తే గొడవ వదిలిపోతుంది."

"పిల్లలు లేరండి" అంది హైమ.

"ఇన్నాళ్ళూ లేరు కదమ్మా."

ఆయన కసురుకుని అన్నది కాదు. మామూలుగానే అన్నాడు. హైమ తల వంచుకుంది.

అత్తగారు చూడడానికి వచ్చి, ఆపిల్‌పళ్ళు కోసి పెడుతూ అదే మాట చెప్పారు. "తీయించేసుకో అమ్మా, ప్రాణానికి సుఖం. శిరీష బిడ్డ నీ బిడ్డ కాదేంటి?"

ఆవిడ వెళ్ళాక హైమ మొగుడితో, "ఆ మాటకి నాకు అత్తయ్యగారి మీద కోపం రాలేదండి, శిరీష మీద వచ్చింది. అదేం చేసింది పాపం?" అంది.

"నాకు నువ్వుంటే చాలు హైమా. సంచి ఉన్నా లేకపోయినా."

"మీరు మంచికే అంటారు. కానీ ఉంచాలో తియ్యాలో నాకు తెలియాలి కదండీ. ఇంకొకళ్ళని అడుగుదాం."

అలా రాజమండ్రి వెళ్ళాం. డాక్టర్ నళినిగారు నడివయసు మనిషి, మాట మెల్లన. పరీక్షబల్ల మీద హైమ చీర సర్దుకుంటే, ఆవిడ చెయ్యి వెయ్యబోయి ఆగారు. పొత్తికడుపు చర్మం మీద వలలాగా గోధుమరంగు మచ్చలున్నాయి.

"ఇవేంటమ్మా, కాలినట్టున్నాయి?"

"వేడినీళ్ళ సంచండి. నొప్పికి పెట్టుకుంటాను."

నా ముద్రలవి. ఇన్నాళ్ళకు ఒక డాక్టరు నా గురించి అడిగిందని నేను ఉబ్బిపోతుండగా ఆవిడ అన్నారు: "ఇంత మచ్చ పడిందంటే ఎన్నాళ్ళు ఓర్చుకున్నావో తెలుస్తోంది. ఓర్పుకి సాయపడింది గానీ, జబ్బుకి ఏం చేసిందమ్మా ఇది?"

కుర్చీ మీది సంచిలో నేను వేడి లేకుండానే మాడిపోయాను.

ఆవిడ కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి చెప్పారు. "ఇవి ఆ కండలోంచే పుట్టే గడ్డలు. ఫైబ్రాయిడ్లంటారు. చాలామంది ఆడవాళ్ళకి ఉంటాయి. కాన్సరు అవడం చాలా అరుదు. బాధపెట్టకపోతే మేం వాటి జోలికే వెళ్ళం. నీ పెద్ద గడ్డ గోడలో పెరిగి లోపలిపొరను సాగదీస్తోంది, అందుకే అంత రక్తం. ముందుకొచ్చి మూత్రాశయాన్ని నొక్కుతోంది."

"అందుకేనాండి మాటిమాటికీ వస్తుంది? బస్టాండు ఎప్పుడొస్తుందా అని ప్రాణం మీదకొస్తదండి."

"అందుకే. ఇక దారులు చెప్తాను విను. రక్తం తగ్గించే మాత్రలున్నాయి, అవి గడ్డను కరిగించవు. కుదించే ఇంజెక్షన్లున్నాయి, ఆపేస్తే మళ్ళీ పెరుగుతుంది. గడ్డకి రక్తం అందకుండా నాళాలు మూసే పద్ధతి ఉంది, పిల్లలు కావాలనుకునేవాళ్ళకి మామూలుగా మేం చెప్పం. సంచి తీసేస్తే మళ్ళీ రావు, పిల్లలూ ఉండరు. గడ్డలు మాత్రమే ఒలిచి తీసి, సంచి ఉంచెయ్యొచ్చు. నీకు అది చెయ్యొచ్చనే అనుకుంటున్నాను."

"అప్పుడు పిల్లలు పుడతారాండి?"

"మాట ఇవ్వలేనమ్మా. గడ్డలు మళ్ళీ రావచ్చు కూడా. ఆపరేషనులో రక్తం ఆగకపోతే, నీ ప్రాణం కోసం సంచి తియ్యాల్సి రావచ్చు. అదీ నువ్వు ఒప్పుకోవాలి."

హైమ చాలాసేపు ఆ బొమ్మను చూసింది. గంగాధర్ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఒలిచి తీసేయండి. తప్పకపోతే రెండోదానికీ ఒప్పుకుంటాను. నాకు చెప్పి చేస్తున్నారు, అది చాలు."

ముందు ఒంట్లో రక్తం పెరగాలన్నారు. నల్లటి ఐరన్ మందు సీసాలోంచి చుక్కచుక్కగా ఆమె చేతిలోకి ఎక్కేది. రక్తస్రావం తగ్గడానికి మాత్రలిచ్చారు. వారాలు గడిచేకొద్దీ ఆమె పెదాలకు రంగొచ్చింది. నేను ఇన్నాళ్ళు ఎంత వేడి ఇచ్చినా రాని రంగు. ఆ సీసాను చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆపరేషను పొద్దున మొదలైంది. గంగాధర్ నేనున్న సంచిని ఒళ్ళో పెట్టుకుని తలుపు బయట కూర్చున్నాడు. ఒక నర్సు వచ్చి రక్తం సీసా కావాలంది. కాసేపటికి ఇంకొకటి అంది. అతను సంచిమీద నుంచే నా మెడ పట్టుకున్నాడు. అంత గట్టిగా హైమ కూడా ఎప్పుడూ పట్టుకోలేదు. లోపల ఆమెను పూర్తిగా ఖాళీ చేస్తున్నారేమోనని అతని భయం. మా ఇద్దరికీ ఆమె ఒక్కతే దిక్కని అప్పుడు తోచి, అతని మీది కుళ్ళు ఆ కాసేపూ పక్కన పెట్టాను.

నళినిగారు బయటికొచ్చి, "సంచి నిలిచింది. రక్తం ఆగింది" అన్నారు. తీసిన గడ్డను ట్రేలో చూపించారు. ఒలిచిన కొబ్బరికాయంత, తెల్లగా, గట్టిగా. పక్కన చిన్నవి రెండు. నా శత్రువును కళ్ళారా చూశాను. ఇన్నాళ్ళూ నాకంటే దగ్గరగా ఉన్నది ఇదేనా అనుకున్నాను. దాన్ని పరీక్షకు పంపారు. కాన్సరు కాదని తరవాత రిపోర్టు వచ్చింది.

ఇంటికొచ్చాక మొదటి నెలసరి వచ్చింది. నేను ఎదురుచూశాను. హైమ నన్ను మేకు నుంచి తీసి, చేత్తో పట్టుకుని, ఒక్క నిమిషం నిలబడి, మళ్ళీ తగిలించేసింది. నొప్పి ఓర్చుకునేంతే ఉంది. తరవాతి నెలా అంతే. గంగాధర్‌కు కాఫీ ముందుగా అందుతోంది. అతని చూపులో కుళ్ళు పోయింది. నాది పెరిగింది. పిల్లల కోసం ఏడాది ఆగి ప్రయత్నించమన్నారు. ఆ సంగతి ఇంకా తేలలేదు.

శిరీషకు ఆపరేషనుతో కూతురు పుట్టింది. నడుంనొప్పి వదలడం లేదని ఫోనులో అంటే, హైమ నన్ను బుట్టలో పెట్టుకుని పాలకొల్లు బయలుదేరింది. పాప పుట్టాక వెళ్ళడం అదే మొదలు. గుమ్మంలో కాసేపు చెప్పులు విప్పకుండానే నిలబడింది.

"సీమంతానికి ఎందుకు రాలేదో నాకు తెలుసక్కా" అంది శిరీష, నన్ను నడుముకింద పెట్టుకుని.

"తెలిసీ అడగలేదేం?"

"అడిగితే నా సంగతీ చెప్పాల్సి వస్తుందని. బావగారు మిల్లు మానేసి నీ మంచం పక్కనే ఉన్నారని అత్తయ్య చెప్తుంటే నాకు మండిపోయిందక్కా. నాకు కాన్పయిన రోజున మీ మరిది ఫ్రెండు పెళ్ళిలో ఉన్నారు. ఆపరేషన్ అయినదాన్ని చూసి కుళ్ళుకున్నాను. ఏం మనిషినో."

హైమ నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వడం ఆపరేషను తరవాత అదే మొదటిసారనుకుంటాను. "సరిపోయాం ఇద్దరమూ" అంది. శిరీష పాపను తీసి ఆమె ఒళ్ళో పడుకోబెట్టింది. పాప కాసేపు గుణిసి, హైమ పొత్తికడుపుకు చెంప ఆనించి నిద్రపోయింది. సరిగ్గా నా చోటులో. అడగకుండా, వేడినీళ్ళు లేకుండా. హైమ కదలకుండా కూర్చుని, చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నం శిరీష నాలోని నీళ్ళు వంపేసి, మూత తీసి, నన్ను అరుగు మీద బోర్లా ఆరబెట్టింది. వీధి చివర తణుకు బస్సు హారను మోగింది.

"అయ్యో, నా బస్సు" అని హైమ చెప్పుల్లో కాళ్ళు దూర్చి, కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి పరుగెత్తింది. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకుని ఆగే మనిషినే నేను ఎరుగుదును. ఆమె పరుగు నేనెప్పుడూ చూడలేదు. నేరుగా, తేలిగ్గా, వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టు వెళ్ళింది. కదిలిన బస్సు కడ్డీ పట్టుకుని మెట్టెక్కి, లోపలి కండక్టరు అనకముందే "రైట్" అని తనే అరిచింది.

ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. పాపను ఎత్తుకుని నిలబడ్డ శిరీష వైపు. నేను తలకిందులుగా ఉండి, ఆ బస్సు మలుపు తిరిగేదాకా దాన్ని చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను.