ద్వారబంధం మీద గీతలు

పొద్దున్నే రావడం, నిన్నటి బోర్డు తుడవడం, ఎవరి మోకాళ్లు బల్లకి తగులుతున్నాయో చూసి వాళ్లని వెనక పెద్ద బల్లలకి పంపడం. లెక్కల టీచరమ్మకి రోజూ ఇదే పని. అర్థమైతే పిల్లలు పొడుగవుతారు కదా మరి, ఏ బడిలోనైనా అంతే. తల్లులు సణుక్కుంటూ గౌన్ల అంచులు విప్పి కుట్టుకునేవాళ్లు.

అందుకే హెడ్మాస్టరుగారికి పరీక్షలంటే పట్టింపు లేదు. ఏడాది ఆఖరి రోజున పిల్లల్ని ద్వారబంధానికి ఆనించి, నెత్తి మీద పెన్సిలుతో గీత గీస్తారు. కిందటేటి గీతకి ఎంత పైన ఉంటే టీచరు అంత గట్టిదన్నమాట. ఈసారి పైన ఉంటే టీచరమ్మ ఉద్యోగం పర్మినెంటు, లేదంటే ఇంటికే.

"ఏమ్మా, ఈసారైనా ఖాయం చేస్తారా, మళ్లీ ఇంకో బడి వెతుక్కోవాలా?" అని అత్తగారు రోజూ అడుగుతూనే ఉంది.

కిందటేడు ఈ తరగతి దంచుడు మాస్టారిది. ఆ పేరు పిల్లలు పెట్టిందే. కొలతల వారం ఆయన పొద్దస్తమానం ఎక్కాలు దంచించాడు. బట్టీ పట్టినా ఒళ్లు సాగుతుంది, కాకపోతే నిలవదు. గీతలు ఎక్కడికో వెళ్లాయి, మాస్టారికి చప్పట్లే చప్పట్లు. సెలవుల్లో ఆ పొంగంతా దిగిపోయింది. బడి తెరిచేసరికి పిల్లలు తమ గీతలకి జానెడు కిందున్నారు.

"ఇవాళ మళ్లీ కొలవండి సార్," అని టీచరమ్మ ఆ రోజే నెత్తీ నోరూ కొట్టుకుంది.

"ఏడాదికి ఒక్కటే కొలతమ్మా," అన్నారాయన.

ఇక ఏడాదంతా టీచరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. అందరికంటే పొట్టిది గోళీ అనే పిల్ల. దాని కోసం కాగితాలు మడిచి, చింపి, పంచి మరీ భిన్నాలు చెప్పింది. ఆ పిల్ల బుర్ర గోక్కునేది తప్ప సాగేది కాదు.

కొలతల రోజు గోళీ తప్ప పిల్లలంతా పాత గీతల దాకా వచ్చి ఆగారు. టీచరమ్మ ఉద్యోగం సంగతి తెలిసి మునివేళ్ల మీద లేచారు కూడా.

"మడమలు దించండ్రా," అంది టీచరమ్మే. ఎందుకన్నానా అని తర్వాత తనని తనే తిట్టుకుంది.

"గీతలు ఉన్నచోటే ఉన్నాయి. ఏడాదంతా ఏం చేసినట్టు?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"జానెడు లేపాను సార్."

"లేపితే కనపడాలి కదమ్మా. వచ్చే ఏడు ఈ తరగతి మళ్లీ మాస్టారికే ఇస్తున్నా."

టీచరమ్మ సంచీ సర్దుకుంటుంటే గోళీ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"టీచర్, ఎక్కువమంది పంచుకుంటే తలా కాస్తే వస్తుంది. అందుకే కదా నాలుగోవంతు కంటే మూడోవంతు పెద్దది?"

"అంతే తల్లీ."

గోళీ మోకాళ్లు టపటపమన్నాయి. తల గీత దాటింది, ఆ పైన ఇంకో జానెడు పోయింది. టీచరమ్మ పరుగున వెళ్లి హెడ్మాస్టరుగారిని పిలుచుకొచ్చింది.

ఆయన చూసి నిజంగానే సంతోషించారు. "భలే పెరిగింది. కానీ ఈ ఏటి గీత గీసేశాం కదా. ఇది వచ్చే ఏటి లెక్కలోకి వస్తుంది."

అంటే మాస్టారి లెక్కలోకి. సెలవుల్లో గోళీ వెంట్రుకవాసి కూడా తగ్గదని టీచరమ్మకి తెలుసు.

"వచ్చే ఏడు కూడా మీరే కదా టీచర్?" అంది గోళీ.

టీచరమ్మ కింద కూర్చుంది. పొట్టైపోయిన గౌను అంచు కుట్టు పళ్లతో తెంపి, మడత విప్పి, మోకాళ్ల దాకా లాగింది.

"మాస్టారు చెప్పినట్టు విను," అంది.