భూపతి చూసిన పచ్చ లైటు

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. ఈ రాత నేను యాభై దాటినాక నేర్చుకున్నది. ఒక పేజీ నింపడానికి మూడు రోజులు పడుతుంది. భర్త పేరు ఆయన ఉన్నన్నాళ్లూ నోటితో పలకలేదు, ఇక్కడ రాస్తున్నాను. నా పేరు కూడా వేరే ఎవరిదో అన్నట్టు రాస్తాను. లేకపోతే చేయి సాగదు.

భూపతి చెట్టికరై స్టాపులో బస్సు దిగి, ఎడమ చేయి కొంచెం వెనక్కి చాచి నిలబడ్డాడు. భార్య అలమేలు పనిముట్ల బ్యాగు భుజానికి తగిలించుకొని దిగి, ఆ చేతికి తన మోచేయి అందించింది. చూసేవాళ్లకు మొగుడూ పెండ్లామూ చేయీ చేయీ పట్టుకొని పోతున్నట్టు ఉంటుంది. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో తెలియదు.

భూపతి యాభై ఎనిమిదేండ్ల మనిషి. సన్నని మెడ, నిచ్చెన మెట్ల మీద కాయలు కాసిన అరికాళ్లు. కుడి బొటనవేలి గోటి కింద, ఎప్పుడో నెట్టు తెచ్చే గాజుతీగ ముక్క దిగి మానని నల్లమచ్చ. ధర్మపురికి కేబుల్ టీవీ వచ్చినప్పటి నుంచి గుణశేఖరన్ ఆఫీసులో పని. తర్వాత ఇండ్లకు నెట్టు వస్తే అదీ నేర్చుకున్నాడు. రెండేండ్లుగా చక్కెర జబ్బు కండ్లను తింటున్నది. వెలుతురూ నీడా తెలుస్తాయి, రంగులు తెలియవు. ఈ సంగతి బయటపడితే పని పోతుంది. పిల్లలు లేరు. పని లేని పగలు ఎట్లా గడుస్తుందో ఆయన ఎన్నడూ చూడలేదు, చూడడానికి భయం.

అందుకే అలమేలు వెంట వచ్చేది. బడి ముఖం చూడని ఆమెకు ఆయనే ఇంగ్లీషు అక్షరాలు నేర్పాడు, నెట్టు పెట్టెల అడుగున అంటించి ఉండే చీటీల మీద. ఒక్కో అక్షరం ఆమె అరచేతిలో వేలితో గీసేవాడు. ఎవరైనా అడిగితే, ఆడవాళ్లు ఒంటరిగా ఉండే ఇండ్లకు ఆడమనిషిని తీసుకుపోవాలని ఆఫీసులో రూలు పెట్టినారని చెప్పేవాడు.

ఆ రోజు జయలక్ష్మమ్మ ఇల్లు. కోడలు మోహనప్రియ ఇంట్లో కూర్చొనే కంపెనీ పని చేస్తుంది. పది రోజులుగా నెట్టు నత్తలాగ నడుస్తున్నదని ఫోను చేసింది.

"ఏమప్పా, పెండ్లాము లేకుండా అడుగు తీయవా నువ్వు?" అంది జయలక్ష్మమ్మ.

"తీస్తానత్తా. ఎక్కడ పెట్టేదో ఈమె చెప్తుంది" అన్నాడు.

అత్తా కోడలూ నవ్వారు. అలమేలు కూడా నవ్వింది.

పెట్టె ఇనుప బీరువా వెనక సందులో పడి ఉంది. ఇనుము సిగ్నల్‌ను తినేస్తుందని చెప్పి, దాన్ని తీయించి నడింట్లో గోడకు ఎత్తుగా కొట్టించాడు. తీగ ఎక్కడ మడత పడిందో వేళ్లతోనే కనిపెట్టి వంపు సరిచేశాడు. తర్వాత మోహనప్రియ ఫోనులో, ఆ పెట్టె నుంచి ఎవరెవరు నెట్టు వాడుకుంటున్నారో చూపే పట్టీ తెరిపించి అలమేలు చేత చదివించాడు. ఇంట్లో ఉండేది ముగ్గురు. పట్టీలో పదకొండు ఫోన్లున్నాయి.

పాస్‌వర్డు ఏమి పెట్టినారని అడిగితే కులదేవత పేరు అన్నారు. ఆయనకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ వీధిలో అన్నీ ఒకే వంశం ఇండ్లు, అందరికీ ఒకే దేవత. ఎవరి ఇంట్లో అడిగినా అదే పేరు పెట్టుకొని ఉంటారు.

దేవత పేరు తీసేస్తే ఇంటికి కీడని జయలక్ష్మమ్మ ఒప్పుకోలేదు.

"అమ్మవారు గూట్లో ఉండనీ అత్తా. బీగానికి కాపలా పెట్టేదెందుకు ఆ తల్లిని?" అన్నాడు.

చివరికి ఒప్పుకుంది. పెట్టె సెట్టింగులు తెరిచే లోపలి తాళం కూడా మార్పించాడు, అది కొన్నప్పుడు ఎట్లా వచ్చిందో అట్లానే ఉంది. మోహనప్రియ కొత్త పాస్‌వర్డు కొడుతుంటే ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కండ్లు బాగున్ననాటి మర్యాద అది. అవి పోయినాక కూడా మానలేదు.

పెట్టె ఆపి మళ్లీ వేశాడు. లైటు రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇట్లాంటప్పుడు "ఏ రంగు వచ్చిందో చెప్పు పాపా, నువ్వూ నేర్చుకో" అని ఇంటివాళ్లనే అడగడం ఆయన ఉపాయం. కానీ మోహనప్రియ కాఫీ కలపడానికి లోపలికి పోయింది. అలమేలు పెరట్లో చేతులు కడుక్కుంటున్నది. ఆయన తల ఎత్తి ఫ్యాను చప్పుడు విన్నాడు. కరెంటు ఉంది. మనసులో రెండు నిమిషాలు లెక్కపెట్టుకున్నాడు.

"చూడత్తా, పచ్చ లైటు వచ్చేసింది. ఇంక మీకు కష్టం లేదు" అన్నాడు.

కరెంటు పోయి ఉంది. ఫ్యాను ఇన్వర్టరు మీద తిరుగుతున్నది, పెట్టెకు ఆ లైను లేదు. పెట్టెలో ఒక్క లైటు కూడా లేదు.

జయలక్ష్మమ్మ పెట్టెను చూసింది, ఆయన ముఖం చూసింది. లేచి వచ్చి, మెల్లగా తన చేయి ఆయన కండ్ల ముందు ఆడించింది. పెరటి గుమ్మంలో నుంచి అలమేలు అది చూసింది.

"ఎన్నాళ్లాయె నాయనా?" అంది ముసలామె.

ఆయన ఆ పెట్టె వైపే ముఖం పెట్టి, "రెండేండ్లు" అన్నాడు. "ఎవురికీ చెప్పొద్దత్తా."

చెప్పనంది. కానీ వాళ్ల బస్సు ధర్మపురి చేరేలోపలే గుణశేఖరన్‌కు ఫోను చేసింది. కండ్లు లేని మనిషిని ఎండలో తిప్పొద్దని, ఆఫీసులోనే కూర్చోబెట్టి ఏదైనా పని ఇమ్మని బతిమాలిందట. చావింటికి వచ్చినప్పుడు ఆమే ఏడుస్తూ చెప్పింది. ఆఫీసులో కూర్చొనే పని ఏదీ కండ్లు లేకుండా అయ్యేది కాదు.

బస్టాండులో దిగగానే గుణశేఖరన్ ఫోను వచ్చింది. బ్యాగు ఆఫీసులో ఇచ్చేసి ఇంట్లో రెస్టు తీసుకో అన్నా అని అరవంలో మెత్తగా చెప్పాడు. భూపతి సరే అన్నాడు. అలమేలు దగ్గర నుంచి బ్యాగు తీసుకొని తనే మోశాడు. ఆఫీసు బల్ల మీద ఒక్కొక్క సామానూ తడిమి, దాని పేరు చెప్పి అప్పగించాడు. అక్కడున్న వాళ్లు తలలు వంచుకొని ఉన్నారు. ఆయనకు అదీ తెలియదు.

ఇంటికి వచ్చి నాలుగు ముద్దలు సంగటి తిని పడుకున్నాడు.

"నాలుగు గంటలకు లేపు" అన్నాడు. పక్కకు ఒత్తిగిలి, "వద్దులే. ఎందుకు లేపేది?" అన్నాడు.

అలమేలు లేపలేదు. పొద్దు గూకి దీపం పెట్టినాక కాలు తాకి చూసింది. చల్లగా ఉంది.

ఒంటి మీద నుంచి చొక్కా తీసేటప్పుడు పైజేబు గుడ్డలో నుంచి ఎర్రటి చుక్క ఒకటి కనపడింది. గాజుతీగ ఎక్కడ తెగిందో వెతకడానికి దానిలోకి ఎర్ర వెలుగు పంపుతారు, పెన్ను అంత ఉంటుంది ఆ లైటు. పొద్దున ఎప్పుడో వాడి జేబులో పెట్టుకున్నాడు. ఆపలేదని ఆయనకు కనపడలేదు. మడిచి పెట్టిన చొక్కాలో అది వెలుగుతూనే ఉంది.

అలమేలుమంగ, యాభై ఏడు ఏండ్లు. ఇప్పుడు ఉండేది హొసూరులో, చెల్లెలి ఇంట్లో.