తెర వెనక స్టూలు

పళ్ళ డాక్టరు సాయంత్రం క్లినిక్ మూసి ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, భార్య పక్కన కూర్చుని పేపరు చదువుకునేవాడు. వేరే దీపం అక్కర్లేదు. పుట్టినప్పటి నుంచీ ఆవిడ ఒంట్లోంచి వెలుగు వచ్చేది. మెట్ల మీద బల్బు పోతే పై వాటావాళ్ళు "కాస్త ఇలా వచ్చి నిలబడవా అక్కా" అని పిలిచి సరుకుల సంచులు పైకి చేర్చుకునేవారు. అంత వెలుగులోనూ ఆవిడ మొహం ఎప్పుడు చూశాడో డాక్టరుకే గుర్తులేదు.

ఆవిడకు సినిమాలంటే ప్రాణం. కానీ హాల్లో కూర్చుంటే చుట్టుపక్కలవాళ్ళు గోల పెడతారు. అందుకే ఖాళీ గదిలో హోమ్ థియేటర్ పెడదామని ఆయన అన్నప్పుడు ఆవిడ పొంగిపోయింది. తన కోసమే అనుకుంది పాపం.

షాపు నుంచి ఫిట్టర్ వచ్చి గోడలు కొలిచాడు. ప్రొజెక్టర్ అయితే బొమ్మ గోడంత వస్తుందనీ, కానీ గది కటిక చీకటిగా ఉండాలనీ, ఏమాత్రం వెలుతురున్నా నలుపు బూడిదరంగుకు దిగిపోతుందనీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆవిడ వైపు చూసి, మొహమాటపడి, టేపు చుట్టుకున్నాడు.

"పెద్ద టీవీ తీసుకుందామండీ," అంది ఆవిడ. "అదైతే నేనూ కూర్చోవచ్చు."

డాక్టరు గడ్డం గోక్కున్నాడు. టీవీ అయినా పూర్తి చీకట్లో చూస్తే కళ్ళు లాగుతాయనీ, వెనక గోడ మీద మెత్తటి వెలుగు పడేలా ఎల్ఈడీ పట్టీ అంటించుకోవాలనీ ఫిట్టర్ అన్నాడు. ఆ మాటతో డాక్టరు మొహం విప్పారింది. ఇంట్లో ఉన్నదాన్ని మళ్ళీ కొనడం దేనికన్నాడు.

టీవీని గోడకు బిగించకుండా స్టాండు మీద ముందుకు జరిపి, వెనక సందులో ఒక స్టూలు వేశారు. ఫిట్టర్ వెలుగు కొలిచే మీటరు పట్టుకుని ఆవిడను కాస్త ఎడమకు జరగమన్నాడు. ఆవిడ జరిగింది. ఎలాగోలా గదిలోనే ఉన్నానుగా అని సర్దిచెప్పుకుంది. ఆ సర్దిచెప్పుకోవడమే కొంప ముంచింది.

ఆదివారాలు డాక్టరు స్నేహితులు వచ్చేవారు. లైటింగు బ్రహ్మాండమని మెచ్చుకునేవారు. ఎవరు చేశారని అడిగితే ఆయన షాపు పేరు చెప్పేవాడు. ఆవిడకు మాటలు వినిపించేవి, టీవీ అంచు పక్క నుంచి చూసేవాళ్ళ మొహాలు కనిపించేవి. వాళ్ళు కళ్ళు తుడుచుకుంటే కథలో ఎవరికో ఏదో అయిందని ఊహించుకునేది. ఒకసారి ఏదో జోకు విని పగలబడి నవ్వితే గోడంతా భగ్గుమంది.

"నవ్వకే, బొమ్మ వెలిసిపోతోంది," అని విసుక్కున్నాడు ఆయన.

అప్పటి నుంచి ఆవిడ నవ్వడం మానేసింది. ఏడుపొచ్చినా మింగేది. మింగగా మింగగా వెలుగు సన్నగిల్లి, ఒక సాయంత్రం సినిమా మధ్యలో పూర్తిగా ఆరిపోయింది.

ఇంకొకరైతే గుండె గుభేలుమని పెళ్ళాం దగ్గరికి పరిగెత్తేవారు. ఈయన ఫిట్టర్‌కు ఫోన్ చేశాడు. ఫిట్టర్ వచ్చి ఆవిడ మొహం ముందు మీటరు పెట్టి సున్నా అన్నాడు. ఎల్ఈడీ పట్టీ అంటించి వెళ్ళిపోయాడు.

"ఒకందుకు మంచిదే," అన్నాడు డాక్టరు. "ఇక నువ్వూ ముందుకొచ్చి కూర్చో."

ఆవిడ ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్ళూ కోరుకున్న చోటు అదే. సినిమా మొదలైంది. కాసేపు తెరను చూసింది, కాసేపు ఆయన్ను చూసింది. ఆయన ఇటు తిరగలేదు. ఆవిడ లేచింది.

ఇదివరకు ఆవిడ గది దాటితే ఇల్లంతా తెలిసిపోయేది. చీకటి పడ్డాక వీధిలో అడుగు పెడితే కిటికీలన్నీ తెరుచుకునేవి. ఇప్పుడు ఒక్కరూ చూడలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగి, చీకట్లో చీకటిగా వీధి చివరిదాకా నడిచి వెళ్ళిపోయింది.

గదిలో డాక్టరు తెర మీంచి చూపు తిప్పకుండానే పక్క కుర్చీతో అన్నాడు, "చూశావా, ఈ వెలుగు ఎంత కుదురుగా ఉందో."