ఇరవై అంగల మర్యాద

కుయిక్కా సరస్సు మీద మంచు ఎప్పుడు గట్టిపడిందో నిర్ణయించే అధికారం ప్రకృతికి లేదు. అది తైస్తో కార్నా అనే మనిషిది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ సరస్సు మీద బల్లకట్టు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న ఆ బ్రహ్మచారి ఏటా డిసెంబరులో గునపం పట్టుకుని రేవు దగ్గర మంచు మీదికి దిగేవాడు. పది అంగలకొక పోటు పొడిచి, చెవి ఒగ్గి విని, ఒడ్డున నిలబడ్డ జనానికి తీర్పు వినిపించేవాడు: "మనిషికి చాలు. గుర్రానికి చాలదు." ఊళ్లో చివరి గుర్రం పోయి నలభై ఏళ్లయింది. అయినా గుర్రం సంగతి కూడా తేల్చనిదే ఆ తీర్పుకు నిండుదనం రాదు.

మంచులో చేపలు పట్టడమనే శాస్త్రంలో ఆయనకు అభిప్రాయం లేని అంశమంటూ లేదు, ఉన్న అభిప్రాయాన్ని మార్చుకున్న సందర్భమూ లేదు. మోటారు బరమా పట్టినవాడు మంచుకు బెజ్జం వేయడు, సరస్సుకు నిద్రాభంగం చేస్తాడు. నీళ్లలోని చేపను తెర మీద చూపించే యంత్రం కొన్నవాడు వైద్యుడైనా అయి ఉండాలి, పిరికివాడైనా అయి ఉండాలి. చేపను మర్యాదగా అడగాలి గానీ దానికి ఎక్స్‌రే తీయకూడదు. గాలపు కర్రకు పిడి బర్చి చెక్కతోనే ఉండాలి. బెజ్జంలో పేరుకునే మంచు తరకను తీసే చిల్లుల గరిటె ఇనుముదై ఉండాలి. పడవంటే చెట్టు, చెట్టు కానిది పడవ కాదు.

వీటన్నిటికీ పైన ఒక పరమధర్మం ఉంది. అది తైస్తో పుట్టించింది కాదు, ఆ సరస్సు మీద అందరూ పాటించేదే. ఒకడు కూర్చుని చేపలు పడుతున్నప్పుడు ఇంకొకడు ఇరవై అంగల లోపు బెజ్జం వేయకూడదు. వేస్తే అది పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టడం. దీనికి ఒక్కటే మినహాయింపు: జతగాడు. జతగాళ్లిద్దరిలో చేప జాడ తెలిసినవాడు ముందు నడుస్తాడు, రెండోవాడు సరంజామా ఉన్న జారుబండి లాక్కుంటూ వెనక వస్తాడు, పక్కనే బెజ్జం వేసుకుంటాడు. చేప కదిలితే మొదటివాడు లేస్తాడు, రెండోవాడు అడక్కుండా లేస్తాడు. ఇరవై ఆరు శీతాకాలాలు తైస్తో ముందు నడిచాడు. వెనక నడిచినవాడు విల్హో.

విల్హో ఊళ్లో కరెంటు పని చేసేవాడు, చర్చి బృందంలో మంద్రస్థాయి పాడేవాడు. ఆ రెండూ కాని వేళల్లో మాట్లాడేవాడు. నలుగురు కలిసి నాలుగు గంటలు కూర్చుని నాలుగు మాటలు అనుకుంటే సభ రక్తి కట్టిందనుకునే ఆ చలిదేశంలో విల్హో ఒక ప్రకృతి వైపరీత్యం. పడిన చేపతో మాట్లాడేవాడు, తప్పించుకున్న చేపతో ఇంకాస్త ఎక్కువ మాట్లాడేవాడు.

తొమ్మిదేళ్ల కిందట ఒక మే నెలలో ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న చెక్క పడవకు తారు పూయడానికి తైస్తో డబ్బా, కుంచె పట్టుకుని రేవుకు వెళ్తే, అక్కడ విల్హో తళతళలాడే అల్యూమినియం పడవ ఒకటి దింపుతున్నాడు.

"ఏంట్రా అది?"

"పడవ."

"పడవా? సూప్ కాచుకునే గిన్నెలా ఉంది."

"సూప్‌లో చేపుంటే చాలదా? తారు పూసీ పూసీ నా నడుం పడిపోయిందిరా తైస్తో. దీనికి తారు అక్కర్లేదు. నీ ఉపన్యాసాలు కూడా అక్కర్లేదు."

రేవులో ఉన్న ఏడెనిమిది మందీ నవ్వారు. నవ్వడమంటే ఆ ఊళ్లో ముక్కుతో గాలి కాస్త గట్టిగా వదలడమే. కానీ ఏడెనిమిది ముక్కులు ఒకేసారి గాలి వదిలితే తైస్తో చెవికది ప్రళయంలా వినిపించింది. తారు డబ్బా అక్కడే పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి తన సమక్షంలో ఆ మనిషి పేరు ఉచ్చరించరాదని శాసనం జారీ అయింది. ఊరు ఆ శాసనాన్ని భక్తిగా పాటించింది. మాట్లాడవద్దంటే వినే ఊరది.

రాజీ షరతులు మాత్రం ఏటేటా సడలుతూ వచ్చాయి. మొదటి ఏడు విల్హో రేవులో అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. మూడో ఏటికి చాటుగా చెప్పినా సరే. ఆరో ఏటికి క్షమాపణ మాట ఎత్తకుండా "ఏరా" అన్నా సరే. తొమ్మిదో శీతాకాలం వచ్చేసరికి తైస్తో తనలో తాను అంగీకరించిన షరతు ఇది: విల్హో వచ్చి "చలిగా ఉంది" అంటే చాలు, "ఊఁ, ఉంది" అని తను అనేస్తాడు, అంతటితో యుద్ధం ముగుస్తుంది. కానీ మొదటి మాట మాత్రం వాడి నోటినుంచే రావాలి. పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ప్రతి ఆదివారం మంచు మీద బెజ్జంలోకి చూస్తూ ఆయన నిజంగా ఎదురుచూసింది చేప కోసం కాదు, ఆ ఒక్క మాట కోసం.

మార్చి మొదటి ఆదివారం ఎండ కాసింది. సరస్సులోకి పొడుచుకొచ్చిన గుట్ట ముక్కు దగ్గర తైస్తో గాలానికి ఆహ్వెన్‌లు ఒకటి తరవాత ఒకటి తగులుతున్నాయి. పచ్చటి ఒంటి మీద నల్లచారలు, ఎర్రటి రెక్కలు, అరచెయ్యంత చేపలు. దూరంగా మంచు మీద ఒక ఆకారం కదిలింది. నడక చూడగానే తెలిసిపోయింది. కళ్లదాకా మఫ్లరు చుట్టుకున్నాడు. ఆ కాలంలో ఎవరు చుట్టుకోరు గనక!

విల్హో వచ్చాడు. ఆగాడు. తైస్తో కళ్లతోనే కొలిచాడు: పన్నెండు అంగలు.

చెయ్యెత్తాడు విల్హో. చెయ్యెత్తడం మాట కాదు. తైస్తో వేచి ఉన్నాడు. విల్హో చేతి బరమా తీసి తిప్పడం మొదలెట్టాడు, మూడుసార్లు ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. ఒళ్లు వంచడం మరిచిపోయాడు, గిన్నె పడవ మహిమ అనుకున్నాడు తైస్తో. మాట రాలేదు. తైస్తో కావాలనే ఒక పెద్ద చేపను పైకి లాగి మంచు మీద పడేశాడు. వెనకటి విల్హో అయితే ఆ చేపకు తాత ముత్తాతల పేర్లు కూడా చెప్పేవాడు. ఇప్పుడు తలాడించి ఊరుకున్నాడు.

అప్పుడు తైస్తోకు విషయం బోధపడింది, అంటే బోధపడిందని అనుకున్నాడు. లోకంలోకెల్లా వాగుడుకాయ నోరు మెదపకుండా పన్నెండు అంగల్లో కూర్చున్నాడంటే వచ్చింది మనిషి కోసం కాదు, చేపల కోసం. తొమ్మిదేళ్లు పలకరించనివాడు కంచంలో చెయ్యి పెట్టడానికి వచ్చాడు.

తైస్తో సరంజామా సర్ది, పట్టపు ఏనుగులా లేచి, రెండు వందల అంగలు నడిచి కొత్త బెజ్జం వేశాడు. వెనక్కి చూస్తే విల్హో మెల్లగా జారుబండి లాక్కుంటూ వస్తున్నాడు. వచ్చి పది అంగల్లో ఆగాడు. తైస్తో మళ్లీ లేచాడు. వాడు మళ్లీ వచ్చాడు. సాయంత్రానికి నాలుగు చోట్లు మారాయి. మొదటి చోటు తప్ప ఎక్కడా చేప లేదు.

రెండో ఆదివారమూ అంతే. ఈసారి ఎనిమిది అంగలు. మూడో చోటికి వచ్చేసరికి విల్హో బరమా కూడా తీయలేదు. ఊరికే పెట్టె మీద కూర్చుని తైస్తో బెజ్జం కేసి చూస్తున్నాడు. చేపల్ని లెక్కపెడుతున్నాడన్నమాట! తైస్తోకు ఓర్పు నశించింది. తొమ్మిదేళ్ల మౌనం తెగింది. అయితే మొహం మాత్రం విల్హో వైపు తిప్పలేదు, సరస్సుతోనే అన్నాడు:

"ఇంత సరస్సు మీద మనిషికి కూర్చునే చోటే కరువైపోయింది!"

విల్హో భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా. తైస్తో తన జారుబండి ఈడ్చుకుంటూ అవతలి దీవి దాకా వెళ్లిపోయాడు. మంచు మెత్తబడి బూట్లు దిగబడే చోటది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. ఈసారి విల్హో లేవలేదు. కూర్చున్నచోటే చెయ్యెత్తాడు.

ఆ వారమంతా తైస్తోకు ఏమీ తినబుద్ధి కాలేదు. శుక్రవారానికి ఒక మహా నిర్ణయం జరిగింది; చక్రవర్తులు రాజ్యాలు వదులుకున్నంత నిర్ణయం. ఈ ఆదివారం వాడు వస్తే తనే అనేస్తాడు, "చలిగా ఉంది" అని. అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాడు కూడా. రెండోసారి బాగానే వచ్చింది.

ఆదివారం గుట్ట ముక్కు దగ్గర, మొదటి చోటే, కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. చేపలు విరగబడి తగిలాయి. ఎవరూ రాలేదు.

సోమవారం పొద్దున అంగడికి వెళ్లి, ఎరకు ఎర్రపురుగుల డబ్బా అడిగాడు. అంగడి నడిపే తెల్లెర్వో డబ్బా బల్ల మీద పెట్టింది గానీ చెయ్యి తీయలేదు.

"ఇవాళ నీ శాసనం తప్పుతున్నానయ్యా తైస్తో. కోప్పడితే పడు. విల్హో పోయాడు. శనివారం."

తైస్తో డబ్బా మీంచి చూపు ఎత్తకుండా అడిగాడు: "ఎలా?"

"ఎలా ఏంటి, గొంతులో రాచపుండు. ఆగస్టులో కోసి గొంతుపెట్టె మొత్తం తీసేశారు కదా. అప్పట్నుంచీ మాటే లేదు మనిషికి. కాగితం మీద రాసేవాడు. ఊరందరికీ తెలుసు."

"నాకు తెలీదు."

"మూడుసార్లు నోరు తెరిచా. మూడుసార్లూ 'ఆ పేరెత్తొద్దు' అని డబ్బా లాక్కుని పోయావు. నాలుగోసారి నాకూ ఒళ్లు మండింది." ఆమె గొంతు తగ్గించింది. "తప్పు నాదే అనుకో. నీ కోసం కాకపోయినా వాడి కోసం చెప్పాల్సింది."

తైస్తో డబ్బా తీసుకోకుండానే బయటికి నడిచాడు.

విల్హో ఇంటి ముందు చావుకు గుర్తుగా జెండా కొయ్య సగానికి దించి ఉంది. తలుపు తీసిన అతని భార్య హెల్వి ఏమీ అడక్కుండా కాఫీ పోసి, రొట్టె ముక్క ముందు పెట్టింది. దుఃఖమైనా పెళ్లయినా మొదట కాఫీ తాగాలి. మాట ఆ తరవాత. సగం కప్పు అయ్యాక ఆమే మాట్లాడింది.

"నువ్వొస్తావని తెలుసు. నీకు దండం పెట్టాలి తైస్తో."

"నాకా?"

"రెండు ఆదివారాలు ఆయన్ని వెంటేసుకు తిరిగావు. డాక్టరు ఇల్లు కదలొద్దన్నాడు. వింటేనా! 'తైస్తో పిలవడు, నేనే వెళ్లి కూర్చుంటా, చూద్దాం' అని రాసి చూపించి పోయారు. సాయంత్రం వచ్చినప్పుడు మొహం చూడాల్సింది. ఇదిగో, చదువు."

గళ్ల నోటుపుస్తకం. కరెంటు పనివాడి అచ్చక్షరాలు. తైస్తో కళ్లద్దాలు సర్దుకున్నాడు.

*ఆదివారం. తైస్తో ముందు నడిచాడు. నేను వెనక. నాలుగు చోట్లు. అంతా మునుపటిలాగే.*

పేజీ తిప్పింది హెల్వి.

*ఇవాళ మాట్లాడాడు కూడా! చోటు కరువైందట. వెధవకి హాస్యం తగ్గలేదు. నవ్వితే గొంతు దగ్గర గుడ్డ తడిసిపోయింది. దీవి దాకా వెళ్లలేకపోయాను. వెనక్కి తిరిగి చూశాడు, వస్తున్నానా లేదా అని.*

తైస్తో పుస్తకం మూయలేదు, చదవడమూ లేదు. ఆయన దగ్గర ఇనుము గరిటెల మీద, తారు మీద, గుర్రాన్ని మోయగల మంచు మీద ఉన్న అభిప్రాయాలన్నీ ఒక్కసారిగా ఎటో పోయాయి.

"'నన్ను క్షమించేశాడు' అని రాశారు ఆ రాత్రి. ఆ కాగితం నా దగ్గరే పెట్టుకుంటా, ఏమనుకోకు," అంది హెల్వి. తరవాత కప్పు అంచు తుడుస్తూ అడిగింది: "ఒక్కటి నాకు అర్థం కాలేదు. అన్నిసార్లు చోటెందుకు మార్చావు? ఆయనకి ఊపిరి అందేది కాదు కదా. ఒక్కచోట కూర్చోకూడదా?"

ఆమె కళ్లలో నింద లేదు. అదే ఆయనకు కష్టమైంది. నిజం నాలుక చివరికి వచ్చింది. చిన్న నిజం, నాలుగు మాటల్లో అయిపోయేది. అది చెప్తే తన గుండె తేలికపడుతుంది. ఆమె దగ్గరున్న కాగితం మాత్రం ఉత్త కాగితమైపోతుంది.

"మార్చిలో ఆహ్వెన్ ఒకచోట నిలవదు హెల్వీ," అన్నాడు. "వెతుక్కుంటూ పోవాలి."

"అంతేలే. నీకు తెలీనిదేముంది." ఆమె ఇంకో కప్పు పోసింది. "సమాధి అయ్యాక కాఫీల దగ్గర నువ్వే మాట్లాడాలి. పాటల బృందం వాళ్లు పాత సంగతులు చెప్తారు. ఆ రెండు ఆదివారాలూ నువ్వు తప్ప చెప్పేవాళ్లు లేరు. ముందు నాకోసారి చెప్పవూ? ఆయన ముక్తసరిగా రాశారు. నాకు అంతా కావాలి."

తైస్తో గొంతు సవరించుకున్నాడు. జన్మలో మొదటిసారి, తను నమ్మని విషయం మీద ఉపన్యాసం మొదలెట్టాడు. గుట్ట ముక్కు దగ్గర ఎండ ఎలా ఉందో చెప్పాడు. విల్హో వచ్చి చెయ్యెత్తితే తను చూసి సంతోషించానన్నాడు. మొదటి చోట చేప పల్చబడితే లేచానన్నాడు. రెండో చోట గాలి తిరిగితే లేచానన్నాడు. పారిపోయిన ప్రతి చోటునూ తోడు తీసుకెళ్లిన చోటుగా, ఒక్కొక్క బెజ్జమే, ఆమెకు అప్పగించాడు. హెల్వి కళ్లు మూసుకుని వింటూ, అక్కడక్కడ తలాడిస్తూ, పెదవుల మీద చిన్న నవ్వుతో ఉంది. రెండో ఆదివారం వచ్చింది. దీవి వచ్చింది. తైస్తో ఆగిపోయాడు.

"ఊఁ," అంది హెల్వి కళ్లు తెరవకుండానే. "వెనక్కి తిరిగి చూశావు. ఆయన రాలేకపోయారు. తరవాత?"

కిటికీ అవతల సరస్సు మీద ఎండ తెల్లగా పరుచుకుని ఉంది. తైస్తో అటు చూడలేదు.

"తరవాత," అన్నాడు, "వాడి కోసం ఆగాను."