ముందు కుడి చక్రం

ఇసాబెక్ రోజూ పొద్దున్నే టీ తాగకముందు తడిగుడ్డ పట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగేవాడు. అద్దాలు తుడిచి, దీపాలు తుడిచి, చివర చక్రాల దగ్గర కూర్చునేవాడు. బిష్కెక్‌లో సగంమందికి డ్రైవింగ్ నేర్పిన మాస్టారాయన. గట్టుకు ఎంత ఎడంలో బండి ఆపాలో కొత్తవాళ్ళకు ఆయన్ని చూపించి చెప్పేవాళ్ళు. అలాంటి మనిషి కారుకు ముందు కుడి చక్రం అంచు గీరుకుపోయి ఉండడం ఆ రోజు ఆయన భార్య సురాకాన్ కంటపడింది.

"ఇదెక్కడ తగిలించారు?"

"ఓష్ బజారు దగ్గర. జనం తోసుకొచ్చారు."

"బజారు నుంచి ఏం తెచ్చారు?"

"ఏమీ దొరకలేదు."

"ఓష్ బజారులో ఏమీ దొరకని మనిషిని ఇప్పుడే చూస్తున్నా" అని సురాకాన్ లోపలికి వెళ్ళిపోయింది.

అది తగిలింది బజారులో కాదు. ఊరి చివర అర్చా-బేషిక్‌లో, కూతురు జీపార్ ఇంటి ముందు. తండ్రికి చెప్పకుండా ఆమె దక్షిణాన ఉన్న ఓష్ పట్నం నుంచి వచ్చిన ఒక సమోసాల కుర్రాణ్ణి పెళ్ళాడింది. మగపెళ్ళివారు ఆనవాయితీ ప్రకారం గొర్రెను తోలుకుని క్షమాపణకు వచ్చారు. ఇసాబెక్ గేటుకు లోపలినుంచి గడియ పెట్టాడు. గొర్రె చాలాసేపు అరిచింది. అలా గడియ పెట్టినవాడు తర్వాత తానే వెళ్ళి ఎదుటివాళ్ళ తలుపు తట్టడం అక్కడ లేదు. పిలిస్తే వెళ్ళాలి. అవమానపడి వెళ్ళినవాళ్ళు మళ్ళీ పిలవరు.

మనవడు పుట్టాడని పొరుగింటావిడ చెబితే విన్నాడు. ఒక మధ్యాహ్నం ఒక్కడే వెళ్ళి వీధిలో కారు ఆపాడు. పెరట్లో తీగమీద చిన్నచిన్న చొక్కాలు ఆరేసి ఉన్నాయి. తలుపు తెరుచుకుంది. జీపార్ బయటికి రాబోతుండగా ఆయన గేరు మార్చి పారిపోయాడు. కాలవ సిమెంటు గట్టుకు చక్రం బరబరా రాసుకుంది. ఆ చప్పుడు ఇంకా ఆయన పళ్ళలో ఉంది.

ఇసాబెక్ కారు ఇంటి దగ్గరే వదిలి క్లాసుకు వెళ్ళిన వేళ సురాకాన్ పక్కింటి అబ్బాయి చేత చక్రం విప్పించి ఓస్మోన్ షెడ్డుకు పంపింది. ఆ పని ఊళ్ళో ఓస్మోన్‌కే చేతనవును. టైరు ఊడదీసి, ఎగిరిపోయిన చోట ఆర్గాన్ వెల్డింగ్‌తో లోహం నింపి, లేత్ మీద చెక్కి, రంగుపొడి చల్లి ఓవెన్‌లో కాలుస్తాడు. దెబ్బ ఎక్కడ తగిలిందో వేలితో తడిమినా తెలియదు. తెలిసేది చక్రానికే. అక్కడ బాగైన చక్రం మొదటిసారి రోడ్డెక్కితే దెబ్బ తగిలిన చోటికి ఒకసారి వెళుతుంది. స్టీరింగ్ ఎటు తిప్పినా అంతే. ఆ రోజు ఆలస్యమవుతుందని జనం ఆఫీసుల్లో ముందే చెప్పుకుంటారు.

మర్నాడు ఇసాబెక్ స్టెప్నీ మీద తోలుకొచ్చిన కారుకు ఓస్మోన్ ఆ చక్రం బిగిస్తూ నవ్వాడు.

"మాస్టారూ, గట్టు తగిలిందని నన్ను పరీక్షలో మళ్ళీమళ్ళీ తప్పించారు. గుర్తుందా?"

"నోరు మూసుకుని నట్లు బిగించు. కాదు, వద్దు. స్టెప్నీ మీదే ఇంటికెళతా. దీన్ని వచ్చే వారం వేసుకుంటా."

"ఎప్పుడు వేసినా అక్కడికే పోతుంది మాస్టారూ."

సురాకాన్ అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉంది. "పోయేది బజారుకే కదా. ఉల్లిపాయలు కావాలి. ఎక్కండి ముసలాయనా."

ఎక్కక తప్పలేదు. ఇసాబెక్ ఇంటివైపు తిప్పాడు. కారు పడమటికి తిరిగింది. కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఈల వేయబోయి, తళతళలాడే చక్రం చూసి దారి వదిలాడు. ఓష్ బజారు వచ్చింది, ఉల్లిపాయల బస్తాలు కనిపించాయి, వెనక్కి పోయాయి.

"బజారు దాటిపోయామే" అంది సురాకాన్.

ఆయన బ్రేకు నొక్కాడు. కారు మరింత మర్యాదగా, మెల్లగా నడిచింది తప్ప ఆగలేదు.

"నీకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు? నేను ఉల్లిపాయల కోసం వచ్చిన దాన్ని."

అర్చా-బేషిక్‌లో కాలవ గట్టు పక్కన, ఒక వేలు ఎడంలో, కారు తనంతట తాను ఆగింది. ఇసాబెక్ స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. దిగితే కూతురు ఏమంటుందో తెలియదు. లోపలినుంచి ఆమె గడియ చప్పుడు చేస్తే ఎందుకని అడగడానికి నోరుండదు. ఆ చప్పుడు మొదట చేసింది తనే.

గేటు తెరుచుకుంది. జీపార్ చంకలో బిడ్డ. బిడ్డ ముఖం మీద పల్చటి తెల్లగుడ్డ. ఆయన దిగి, కారు తలుపు వెయ్యడం మరిచి నిలబడ్డాడు.

జీపార్ బిడ్డను ఇంకాస్త దగ్గరికి పొదువుకుని, గొంతు గట్టి చేసుకుని అంది: "కోరుమ్‌దుక్ ఏది నాన్నా? ముఖం ఊరికే చూపించం."

కొత్త కోడలినైనా పసిబిడ్డనైనా మొదటిసారి చూసేవాళ్ళు చేతిలో ఏదో ఒకటి పెట్టి తీరాలి. పరాయివాళ్ళను ఈ మాట ఎవరూ అడగరు. ఇసాబెక్ జేబులు తడుముకున్నాడు. ఒక జేబులో చేతిరుమాలు. ఇంకో జేబులో ఏమీ లేదు. భార్యవైపు చూశాడు. సురాకాన్ కొండల మీద మంచు ఎంత కరిగిందో లెక్కగడుతున్నట్టు అటు తిరిగి కూర్చుంది.

ఆయన తలమీది తెల్ల ఉన్ని టోపీ తీశాడు. తాను పెట్టుకున్న కల్పాక్‌ను ఎవరూ ఎవరికీ ఇవ్వరు. తలరాత కూడా దాంతోపాటే వెళ్ళిపోతుందంటారు. రెండు చేతులా పట్టుకుని ముందుకు చాచాడు.

జీపార్ నవ్వబోయి ఆపుకుంది. టోపీ అందుకుని గుడ్డ తొలగించింది. పిల్లాడు తాతను చూసి, ఏమీ తేల్చుకోలేనట్టు నుదురు ముడిచి, ఆవులించాడు. ఇసాబెక్ ఒక వేలు చాచాడు. దాన్ని వాడు పట్టుకున్నాడు.

జీపార్ గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

"బట్టతల ఎండలో మాడిపోతోంది. లోపలికి రండి నాన్నా."